‘క్యా బోలా’ అన్నవాడు ఆట మానేశాడు

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి నుంచి 24 ఏళ్ల యువకుడు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఊరు మాత్రం చెప్పినా ఫరవాలేదట, ఊరు తెలియకపోతే గొడవ అర్థం కాదని. ఆయన మాటల్నే కుదించి ఇస్తున్నాను.

“మా ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియా మీడియం. డిగ్రీ అయ్యాక మా మేనమామ హార్డ్‌వేర్ షాపులో లెక్కలు చూస్తూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. మామయ్య ఇల్లు సరిహద్దుకు ఆంధ్ర వైపు పాతపట్నంలో, షాపు ఇటు మా ఊళ్లో. ఆయన కొడుకు, అంటే మా బావ, షాపులోనే ఉంటాడు. మా అక్కకు ఆ బావతోనే సంబంధం అనుకున్నారు. శ్రావణంలో తాంబూలాలు.

రాత్రి పదకొండు దాటాక నలుగురం ఆన్‌లైన్‌లో కలిసి లీథల్ కంపెనీ ఆడతాం. నేను, బావ, విశాఖలో ఉద్యోగం చేసే బావ ఫ్రెండు, నాతో డిగ్రీ చదివిన ఒడియా ఫ్రెండు. ఇతనిది మా జిల్లాలోనే మోహన అనే ఊరి వైపు. ఇక్కడ హాస్టల్లో ఉండి చదివాడు కాబట్టి నెమ్మదిగా మాట్లాడితే తెలుగు అర్థమవుతుంది. ఇప్పుడు భువనేశ్వర్‌లో పనిచేస్తున్నాడు. అసలు నాకు ఈ ఆట అలవాటు చేసిందే అతను. మొదటి జీతం రాగానే ఆటలు అమ్మే స్టీమ్ సైట్లో నాకు గిఫ్టుగా కొనిచ్చాడు.

ఆట హిందీలో మొదలవుతుంది. భయం పుట్టగానే మా ముగ్గురికీ తెలుగు వచ్చేస్తుంది, అతనొక్కడే మిగిలిపోతాడు. ఓ రాత్రి, ఆటలో చీకటి పడి బయట కుక్కలు తిరుగుతున్నాయి. అతను పెద్ద ఇంజను రెండు చేతులా మోసుకుంటూ షిప్పు వైపు వస్తున్నాడు. బావ గుసగుసగా ‘కుక్కొచ్చింది, కూకో, కూకో, మాటాడకు’ అన్నాడు. అతను ఆగి, గట్టిగా ‘క్యా? క్యా బోలా?’ (ఏంటి? ఏమన్నావు?) అన్నాడు. కుక్క వచ్చి మీద పడింది. మేం ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

బావ దాన్ని రికార్డు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టాడు. అతని కాలేజీ ఫోటో మీద ‘క్యా బోలా’ అని రాసి వాట్సాప్ స్టిక్కర్ కూడా చేశాడు. అది మా డిగ్రీ బ్యాచ్ గ్రూపు దాకా పోయింది. ఇప్పుడు అతన్ని అందరూ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నేనూ ఆ స్టిక్కర్ వాడాను. కొన్నాళ్లు అతను నెట్ బాలేదని ఆటకు రాలేదు. తర్వాత ఆడేటప్పుడు మేం మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్ గ్రూపులోంచి తప్పుకున్నాడు. ఫోన్ చేస్తే ‘పర్లేదు భాయ్, మీరు ఆడుకోండి’ అన్నాడు. బావేమో, ‘ఆటలో చచ్చినందుకు అలిగినోణ్ని ఇదే చూడటం, విశాఖ నుంచి ఇంకొకణ్ని తెద్దాం’ అంటున్నాడు. గేమ్ సేవ్ అయ్యేది నా లాప్‌టాప్‌లో. అది డిలీట్ చేసి పారేద్దామా అనిపిస్తోంది. బావతో గట్టిగా మాట్లాడితే అక్క పెళ్లి మీదా, షాపులో నా పని మీదా పడుతుందేమోనని భయం. ఇంత చిన్న ఆట గురించి ఇంత టెన్షన్ పడటం నాకే సిగ్గుగా ఉంది. ఏం చెయ్యమంటారు?”

ఆట చిన్నదే కావచ్చు. దాని మధ్యలో తెగేట్టున్న స్నేహం డిగ్రీ రోజుల నాటిది, మొదటి జీతంలోంచి మీకు వాటా తీసినవాడిది. టెన్షన్ పడటంలో వింతేముంది? సిగ్గు సంగతి పక్కన పెట్టండి.

ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పి మళ్లీ మీ దగ్గరికి వస్తాను. లీథల్ కంపెనీ 2023 అక్టోబరులో వచ్చింది. జీకర్స్ అనే పేరుతో పనిచేసే ఒకే ఒక్క డెవలపర్ తయారుచేశాడు. నలుగురు కూలీలు ఓ డొక్కు అంతరిక్ష షిప్పులో పాడుబడ్డ చందమామల మీద దిగి, పాత సామాను ఏరుకొచ్చి కంపెనీకి అమ్మాలి. మూడు రోజుల్లో ఇంత కట్టాలని లెక్క. కట్టలేకపోతే షిప్పులోంచి బయటికి తోసేస్తారు. లోపలి చీకటి వరండాల్లో రకరకాల జీవాలుంటాయి. ఒకటి మనం చూస్తున్నంతసేపూ కదలదు, చూపు తిప్పగానే మీదికొస్తుంది. ఇంకొకటి వెనక నక్కి నక్కి వస్తుంది, దాన్ని తేరిపార చూస్తే దానికి కోపం. చీకటి పడ్డాక బయట తిరిగే కుక్కలకు కళ్లు లేవు, చెవులు మాత్రం మహా పదును.

ఆట కిటుకంతా గొంతులో ఉంది. దగ్గరున్నవాడి మాట గట్టిగా, దూరమయ్యేకొద్దీ సన్నగా వినిపిస్తుంది. మన మైకులో అన్న మాట స్నేహితులతో పాటు ఆ కుక్కలకూ వినపడుతుంది. పక్క గదిలో ఎవడో కబుర్లు చెబుతుంటాడు, ఉన్నట్టుండి మాట మధ్యలో తెగిపోతుంది. వాడు పోయాడని మనకు తెలిసేది అలాగే. పోయినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ బతికున్నవాళ్ల అవస్థలు చూస్తుంటారు, వీళ్ల నవ్వులు మాత్రం వాళ్లకు వినపడవు. రోజు చివర వచ్చే రిపోర్టు కూడా ఊరుకోదు, అందరిలో బద్ధకస్తుడెవరో, పిరికివాడెవరో రాసి మరీ వెక్కిరిస్తుంది.

కాబట్టి దిక్కుమాలిన చావు చచ్చి నవ్వుకోవడం ఈ ఆటలో తప్పు కాదు, దాన్ని చేసిందే అందుకు. మీ బావ మాటలో సగం న్యాయం ఉంది. ఆటలో చచ్చినందుకు అలిగితే ఇలాంటి ఆట ఆడకూడదు.

మిగతా సగం ఆయన చూడలేదు. ఈ రాత్రి తలుపు మూసి నన్ను బయట వదిలేసింది నువ్వు, రేపు నీ కాలి కింద మందుపాతర ఉందని తెలిసీ చెప్పకుండా నవ్వేది నేను. బకరా ఎవరో చివరిదాకా ఎవరికీ తెలియదు కాబట్టే అంత గోలలోనూ ఎవరికీ కష్టం కలగదు. దాగుడుమూతల్లో ప్రతిసారీ ఒకే పిల్లాడు దొంగ అవుతుంటే ఏమవుతుందో మీకు తెలుసు. వాడు ఏడవడు, ‘అమ్మ పిలుస్తోంది’ అని ఇంటికి పోతాడు. మీ స్నేహితుడి ‘నెట్ బాలేదు’ అలాంటిదే.

పైగా ఆ రాత్రి అతను ఆట చెడగొట్టలేదు. మిమ్మల్ని విన్నాడు, అర్థం కాలేదు, అడిగాడు. చేతిలో బరువున్నవాడు అంతకంటే ఏం చేస్తాడు? ఆ అడగడమే అతని ప్రాణం తీసింది, మీరు నవ్వింది కూడా దానికే. మెలకువగా ఆడక చస్తే ఎవరైనా మర్నాటికి మర్చిపోతారు. నలుగురిలో తనకొక్కడికే భాష తెలియక చావడం, అదే జోక్‌గా బ్యాచ్ అంతా తిరగడం, ఫోటోతో సహా తిరగడం వేరే సంగతి. ‘క్యా బోలా’ అని అతన్ని పిలిచిన ప్రతివాడూ ‘నువ్వు మావాడివి కాదు’ అని అతని చెవిలో మళ్లీ ఒకసారి ఊదినట్టే. పిలిచినవాళ్లలో ఎవరూ ఆ ఉద్దేశంతో పిలవలేదని నేను నమ్ముతాను. అతనూ నమ్ముతూనే ఉంటాడు. అందుకే పోట్లాడకుండా తప్పుకున్నాడు. చెడ్డ ఉద్దేశం లేదని తెలిసిన చోట కోపం చూపించడానికి కూడా దారి ఉండదు.

భయంలో తెలుగు రావడం గురించి మిమ్మల్ని గానీ, బావను గానీ తప్పుపట్టను. భయపడినప్పుడు ఎవరి ఇంటి భాష వాళ్ల నోటికొస్తుంది. అతనూ ఒక్కోసారి ఒడియాలో ‘పళా, పళా’ (పారిపో, పారిపో) అని అరిచే ఉంటాడు, ఒడియా చదువుకున్న మీకు తప్ప అక్కడ ఎవరికీ ఎక్కి ఉండదు. మీ ఊరివాళ్లకు ఈ గారడీ కొత్త కాదు. 1936లో సరిహద్దు గీసి మిమ్మల్ని అటు, పాతపట్నాన్ని ఇటు వేశారు. అప్పటినుంచీ షాపు ముందు ఒక భాష, గల్లాపెట్టె వెనక ఒక భాష, ఇంట్లో ఒకటి. ఎదుటివాణ్ని చూసి నాలుక తిప్పుకోవడం మీకు ఊపిరి పీల్చినంత తేలిక. నలుగురిలో అటూ ఇటూ రెండూ పూర్తిగా వినపడేది మీ ఒక్కరికే. ‘క్యా బోలా’ అని అతను అడిగింది బావనే కావచ్చు, జవాబు వస్తుందని ఎదురుచూసింది మాత్రం మీ దగ్గర్నుంచేనని నా అనుమానం.

ఇది మిమ్మల్ని కుదేలు చేయడానికి చెప్పడం లేదు. బావను ఎలా దారికి తేవాలా అని నాలుగు పేజీలు రాశారు, ఫ్రెండుకు ఏం చెప్పాలో ఒక్క వాక్యం కూడా రాయలేదు. వరస తిరగబడింది. ముందు అతను, తర్వాత బావ.

అతనికి ఫోన్ చెయ్యండి. మెసేజ్ వద్దు. ఒడియాలో మాట్లాడండి, హిందీలో కాదు. మీ ఇద్దరి మధ్య ముందునుంచీ నడిచిన భాష అదే అయి ఉంటుంది. ‘అందరి తరఫునా సారీ’ అనకండి, అందరూ మిమ్మల్ని పంపలేదు. మీ వంతు మాత్రమే చెప్పండి. నేనూ నవ్వాను, స్టిక్కర్ నేనూ పంపాను, నీకు బాధ కలిగిందని ఆలస్యంగా అర్థమైంది. అంతే. ‘మళ్లీ రా’ అని ఆ ఫోన్లోనే బతిమాలకండి. బతిమాలితే మొహమాటానికి సరే అంటాడు, నాలుగు రోజులకు మళ్లీ నెట్ పోతుంది. రీల్ తీయించాలా, బ్యాచ్ గ్రూపులో ఎవరైనా ఒక మాట అనాలా, లేక ఇంకెవరూ ఎత్తకుండా చల్లారిపోనిస్తే మేలా, అది అతన్ని అడగండి. కొందరికి మళ్లీ ఆ విషయం గ్రూపులో లేవడమే ఇంకో అవమానం. ఎటు తేల్చాలన్నది అతని ఇష్టం.

అతను మళ్లీ ‘పర్లేదు భాయ్’ అంటే? ఆ మాటతో ఫోన్ పెట్టేయకండి. వేరే కబుర్లలో పడండి, ఉద్యోగం, రూము, తిండి. వారం తర్వాత మళ్లీ చెయ్యండి. ఒక ఫోన్‌తో తేలిపోవాలని లేదు.

ఇక బావ. మేనరికం వరసలో బావా బావమరుదుల మధ్య వేళాకోళానికి మన ఇళ్లలో హద్దు లేదు. పెళ్లిలో చెప్పులు దాచినా, నలుగురిలో పరువు తీసినా ఎవరూ తప్పుగా అనుకోరు. మీ బావ ఆ అలవాటునే ఆట గదిలోకి తెచ్చాడు. మీరు ఆయన నోటికి అలవాటుపడ్డారు, తిరిగి అనగలరు, పైగా రేపు ఆయన మీ ఇంటి అల్లుడు. ఆ ఒడియా అబ్బాయికి ఈ చుట్టరికం లేదు. తిరిగి అనడానికి భాష కూడా లేదు. బావకు ఈ తేడా ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

చెప్పడం ఎలా? మీ ముందు నాకు కనపడుతున్న దారులివి.

ఏమీ చెప్పకపోవడం ఒకటి. పెళ్లి పనులు, పరీక్షలు, అన్నీ కారణాలే. విశాఖ నుంచి నాలుగోవాడొస్తాడు, ఆట సాఫీగా సాగుతుంది, అందరికీ తెలుగు. స్నేహితుడు ఏడాదికి ఒక పుట్టినరోజు మెసేజ్ దగ్గర ఆగిపోతాడు. ఇందులో గొడవ ఉండదు. అయితే నవ్వడానికి ఒకడు కావాలని ఆ గ్రూపుకి రుచి తగిలింది. కొత్తగా వచ్చేవాడు విశాఖవాడి దోస్తు, బావకు ఫ్రెండుకి ఫ్రెండు. షాపులో బావ తండ్రి దగ్గర పనిచేసేవారు, పరీక్షలు ఇంకా తేలనివారు మీరు. తర్వాతి స్టిక్కర్ ఎవరిదో ఊహించడం కష్టం కాదు.

సేవ్ ఫైలు డిలీట్ చేయడం రెండోది. ఈ ఆటలో గది తెరిచినవాడి కంప్యూటర్లోనే సేవ్ ఉంటుంది, అతను వెళ్లిపోతే మిగతావాళ్లూ బయటపడతారు. ఆ బటన్ మీ చేతిలో ఉండటం వల్ల మీకు బలం ఉన్నట్టు అనిపిస్తోంది. నిజానికి అంత లేదు. బావ తన సిస్టమ్ మీద పది నిమిషాల్లో కొత్త గది తెరుస్తాడు. పోయేది నలుగురూ కూడబెట్టిన షిప్పు సామాను, అందులో మీ ఫ్రెండు మోసిన ఇంజన్లు కూడా ఉన్నాయి. ఎందుకు చేశారో నోరు తెరిచి చెప్పకుండా చేసిన సమ్మె ఎవరికీ అర్థం కాదు. ‘లాప్‌టాప్ పాడైంది’ అని అబద్ధం చెప్పాల్సి వస్తే ఇక ఆ సమ్మె కూడా కాదు.

గ్రూపులో అందరి ముందూ బావను కడిగేయడం మూడోది. ఇది మీ మనసులో ఉందని ఉత్తరంలో అక్కడక్కడా తెలుస్తోంది. బావ విశాఖ ఫ్రెండు ముందు చిన్నబోతాడు, ‘ఇప్పట్నుంచే బావమరిది పెత్తనమా’ అనే మాట పుడుతుంది, ఆ మాట రాత్రికి పాతపట్నం చేరుతుంది. అప్పుడు నిజంగానే పెద్దవాళ్లు దిగుతారు. మామయ్య లీథల్ కంపెనీ అంటే ఏదో మందుల కంపెనీ అనుకుంటాడు. ఆయన దాకా తీసుకెళ్లకండి.

బావతో విడిగా, పగటిపూట, షాపులో గిరాకీ లేని మధ్యాహ్నం పూట మాట్లాడటం నాలుగోది. నాకు ఇది మెరుగ్గా కనపడుతోంది, మీ ఇద్దరి స్వభావం మీకే తెలుసు కాబట్టి ఖాయం చేసుకోవాల్సింది మీరు. ‘నువ్వు తప్పు చేశావు’ అని మొదలుపెడితే ఆయన వాదనకు దిగుతాడు. ‘బావా, నాకొక పని చేసిపెట్టాలి’ అని మొదలుపెట్టండి. ‘వాడు నాకు ఆట కొనిచ్చినవాడు. ఆ రీల్ తీసెయ్. ఆ స్టిక్కర్ ఇంక నువ్వు పంపకు, నేనూ పంపను. నన్ను ఎంత ఏడిపించినా పడతాను, నాకు అలవాటే. వాడికి మనలా తిరిగి అనడం రాదు’ అనండి. కోరినవి రెండే అయితే ఒప్పుకోవడం తేలిక. ఫోన్లలోకి వెళ్లిపోయిన స్టిక్కర్లను బావ కూడా వెనక్కి లాగలేడు, ఆ ఆశ పెట్టుకోకండి. పంపడం మానేస్తే కొన్నాళ్లకు అదే పాతబడుతుంది.

బావ ఎలా తీసుకుంటాడు? ‘ఏట్రా, ఇంత మాత్రానికే ఇంత ఫీలింగా’ అని నవ్వచ్చు. నవ్వి తీసేస్తే మంచిదే, నవ్వు గురించి పట్టించుకోకండి. మగపిల్లలు చాలామంది తప్పు దిద్దుకునేది నవ్వుతూనే. తీయను అంటే మాత్రం ఆ రాత్రి నుంచి మీరు ఆడటం మానేయండి, కారణం ఒకే ఒక్క వాక్యంలో చెప్పి. అది సేవ్ ఫైలు చెరపడం కన్నా బరువుగా ఉంటుంది. మీ ఫ్రెండు ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ రీల్ మీద రిపోర్ట్ కొట్టవచ్చు కూడా, అది అతని హక్కు. అక్కడిదాకా వెళ్లాలా అన్నది అతను తేల్చుకుంటాడు, మీరు అడ్డం పడకండి.

అక్క విషయం. ఈ గొడవను బావ గుణానికి పరీక్షగా మార్చి అక్కకు మోసుకెళ్లకండి. 25 ఏళ్లవాడు రాత్రి ఒంటిగంటకు తోచిన తుంటరి పని చేశాడు, దాన్ని బట్టి ఎలాంటి భర్త అవుతాడో ఎవరూ చెప్పలేరు. అలాగని అక్కకు తెలియకూడని రహస్యమూ కాదు. ఆమె అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి, ఉప్పూ కారం వేయకుండా. బాధ పెట్టావని ఒకరు నెమ్మదిగా చెప్పినప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడన్నది ఆమెకు పనికొచ్చే సంగతే. ఆ సందర్భం ముందుగా మీకు వచ్చింది, అంతవరకే.

ఇదంతా కుదిరి, అతను తిరిగి వస్తానంటే ఆట తీరు కాస్త మార్చుకోవాలి. ఇక్కడ నాకు సరదా ఎక్కువ, ఓపిక పట్టండి.

బావను కొన్నాళ్లు షిప్పులో మానిటర్ ముందు కూర్చోబెట్టండి. ఎవరు ఎక్కడున్నారో, వాళ్ల చుట్టూ ఏం కదులుతోందో ఆ తెర మీద చుక్కల్లా కనపడుతుంది. పెద్ద తలుపులు తీయడం, వాకీటాకీలో దారి చెప్పడం ఆయన పని. షిప్పులో ఉన్నవాడికి భయం తక్కువ, భయం తక్కువైతే హిందీ మర్చిపోడు. మీరు, మీ ఫ్రెండు జంటగా లోపలికి వెళ్లండి. అప్పుడు బావ తెలుగులో అరిచినా పక్కనున్న మీరు మాట అందించవచ్చు. కుక్కలు బయటికొచ్చే వేళకు ఎవరూ నోరెత్తకూడదని, టార్చి రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే ‘కూర్చో’ అని లెక్క పెట్టుకోండి. ప్రమాదంలో వాడే మాటలు నాలుగైదు ముందే అనుకుంటే చాలు. అవి ఏవన్నది అతన్నే ఎంచమనండి. పారిపోవడానికి ‘పళా’ అన్నాడనుకోండి, బావా విశాఖ ఫ్రెండూ ఆ మాట గుర్తుకురాక తంటాలు పడుతూ వరండాలో పరిగెత్తడం చూసే వంతు అతనికీ వస్తుంది. ఆ నవ్వు అతనికి బాకీ ఉంది.

లేదా కొన్నాళ్లు ఆటే మార్చండి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన రెపో అనే ఆటను ఆరుగురు ఆడవచ్చు. విలువైన సామాను గోడలకు కొట్టుకోకుండా మోసుకురావాలి, తగిలినప్పుడల్లా దాని ధర పడిపోతుంది. పియానో లాంటిది నలుగురూ పట్టి మెట్లు దింపుతుంటే ఎవరు ఎవరిని తిడుతున్నారో దేవుడికే తెలియాలి. అందులో పోయినవాడి తల ఊడి పడుతుంది, దాన్ని మోసుకొచ్చి సామాను అప్పగించే చోటికి చేరిస్తే మనిషి మళ్లీ లేస్తాడు. మైకులో పలకడం ఇబ్బంది అనిపిస్తే టైపు చేసినదాన్ని రోబో గొంతుతో చదివి వినిపిస్తుంది కూడా. అందరి గొంతూ ఒకేలా వికారంగా ఉంటుంది.

కంటెంట్ వార్నింగ్ అనే ఇంకో ఆట గురించి మాత్రం కాస్త ఆలోచించి చెబుతున్నాను. 2024 ఏప్రిల్ 1న వచ్చినప్పుడు మొదటి 24 గంటలు ఉచితంగా ఇచ్చారు, మీ దగ్గర అప్పటిదే ఉండి ఉండవచ్చు. అందులో పనే వీడియో తీయడం. కెమెరా పట్టుకుని భూగర్భంలోకి దిగి, స్నేహితులు భయపడి చచ్చేది చిత్రీకరించి, పైకొచ్చి అందరూ ఒకే సోఫా మీద కూర్చుని చూస్తారు. కెమెరా తిరుగుతోందని అందరికీ తెలుసు, ఈ రోజు నీ చేతిలో, రేపు నా చేతిలో. మీ బావ చేసిన రీల్‌కి, దీనికి ఉన్న తేడా ఆయనకు నోటితో చెప్పేకంటే ఒకసారి కెమెరా ఆ ఒడియా అబ్బాయి చేతికిచ్చి బావను ముందు నడవమంటే తొందరగా అర్థమవుతుంది. ఐతే ఇది గొడవ సద్దుమణిగాకే. పుండు పచ్చిగా ఉండగా వీడియో అనే మాటే ఎత్తకండి.

ఇంకో దారి కూడా ఉంది, మీరు దాన్ని ఆలోచించినట్టు లేరు. కొన్నాళ్లు మీరిద్దరే ఆడుకోవచ్చు. ఇద్దరితోనూ లీథల్ కంపెనీ నడుస్తుంది, కాకపోతే కంపెనీకి కట్టాల్సిన లెక్క తీర్చడం కష్టం. బావతో ఆడే రాత్రులు వేరు, ఇతనితో ఆడే రాత్రులు వేరు. స్నేహాలన్నీ ఒకే గదిలో ఇమడాలని రూలేం లేదు. బావ ‘నన్నొదిలేసి ఆడుతున్నావా’ అంటాడు, అననివ్వండి.

అర్ధరాత్రి అరుపులకు ఇంట్లోవాళ్లు ఏమనుకుంటున్నారో మీరు రాయలేదు. హెడ్‌ఫోన్ చెవులను మాత్రమే మూస్తుంది, నోటిని కాదు. పరీక్ష తేదీలు వస్తే వారంలో రెండు రాత్రులకు కుదించుకోండి. ఇంతకు మించి దానికి సలహా అక్కర్లేదు.

చివరికి అతను రాను అనవచ్చు. ఆటకూ రాను, గ్రూపుకూ రాను అనవచ్చు. అప్పుడు ఆట ఊసు మానేసి ఫోన్లు మాత్రం కొనసాగించండి. తాంబూలాలకు పిలవండి. వాట్సాప్‌లో కార్డు పడేసి ఊరుకోకుండా మీరే ఫోన్ చేసి, వాళ్ల అమ్మానాన్నలను కూడా రమ్మని చెప్పండి. అతను వస్తే బావ అక్కడ పెళ్లికొడుకు హోదాలో కొత్త బట్టల్లో ఉంటాడు, ఇద్దరూ ఎదురుపడక తప్పదు. ఆ రోజుకు రీల్ పోయి ఉండాలి, బావకు ఈ సంగతి తెలిసి ఉండాలి. కాబట్టి షాపులో ఆ మాట శ్రావణం రాకముందే కానివ్వండి, ఆషాఢంలో గిరాకీ ఎలాగూ తక్కువే.